ఆగుడు కొలత

అమ్మలు వాళ్ళ మామయ్య టైలరు. మనిషి బంగారం. దేవుడు ఆయన్ని ఏ లోపమూ లేకుండా పంపిద్దామనుకుని, చివరి నిమిషంలో దిష్టి తగులుతుందని భయపడి, ఒకే ఒక్క పిచ్చి తగిలించి పంపాడు. కదిలేది ఏది కనబడినా, అది ఆగడానికి ఎంత దూరం పడుతుందో మామయ్య కొలవాలి. కొలవకపోతే ఆ పూట ఆయనకు ముద్ద దిగదు.

మెడలో టేపు ఎలాగూ వేలాడుతుంటుంది. చెవి మీద సుద్దముక్క సిద్ధం. దుకాణం చూస్తే సరిగ్గా మలుపులో ఉంది. ఇంకేం కావాలి? మోటారు సైకిలు మీద ఎవరో రావడం, మలుపు చూసి బ్రేకు వేయడం, మామయ్య సగం కుట్టిన చొక్కాను మిషను మీదే వదిలేసి వీధిలోకి ఉరకడం. వెనక ఎర్రదీపం వెలిగినచోట ఒక గీత, బండి ఆగినచోట ఒక గీత. ఆ రెంటి మధ్య మోకాళ్ళ మీద పాకుతూ టేపు మీద టేపు పరిచి, అందరికీ వినబడేలా ప్రకటించేవాడు.

"అయిదు టేపులా జానెడు! అయ్యా, మీరు అయిదు టేపులా జానెడు మనిషి."

"ఏమిటండీ అది?" అనేవాడు ఆ దారినపోయే మనిషి బిత్తరపోయి.

"మీ ఆగుడు."

ఆ మాట ఆయన పుట్టించినదే. వీధి వీధంతా వాడుకలోకి వచ్చేసింది. తపాలా ఆయన ఆగుడు నాలుగు టేపులు. పాలాయన ఆగుడు ఆరు, డబ్బాలు నిండుగా ఉంటే ఏడు. నడిచేవాళ్ళకీ మినహాయింపు లేదు. అత్తయ్య వీధి చివర ఉండగా వెనకనుంచి "ఇదిగో" అని పిలిచి, ఎన్ని అడుగులకు ఆగిందో కొలిచాడు ఒకసారి.

"మరీ పదిహేడు అడుగులేమిటే?" అన్నాడు.

"పిలిచింది మీరని తెలిసి ఆగకుండా పోదామనుకున్నాను. అందుకని," అంది అత్తయ్య.

ఈ పిచ్చి ఎప్పుడు మొదలైందంటే, దానికీ కారణం కుట్టుపనే. చాలా ఏళ్ళ కిందట ఒక గుమాస్తా కొత్త ప్యాంటు కుట్టించుకుని, తొడుక్కున్న మొదటి రోజే దాన్ని రఫ్ఫుకు తెచ్చాడు. రెండు మోకాళ్ళ దగ్గరా చిల్లులు. మామయ్య ఆ ప్యాంటును ఎండలో పట్టుకుని చూశాడు, తిరగేసి చూశాడు. గుడ్డలో లోపం లేదు. కుట్టులో లోపం లేదు. "మరి లోపం ఎక్కడుందండీ?" అని అడిగాడు. "బ్రేకులో," అన్నాడు గుమాస్తా మోకాళ్ళు ఊదుకుంటూ. అది మామయ్య మనసులో సూదిలా దిగిపోయింది. తన ప్యాంటు చిరగడానికి కారణం తన దుకాణంలో కాకుండా రోడ్డు మీద ఉండటమేమిటి? ఆ సాయంత్రమే మొదటి గీత గీశాడు.

ఆ రోజునుంచి కొలతల పుస్తకంలో ఛాతీ, చెయ్యి, నడుము, పొడవు తర్వాత ఇంకో గడి చేరింది. పుస్తకం మాత్రం ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. మనిషి నడుము కొలత ఆ మనిషికీ, టైలరుకీ, దేవుడికీ మధ్య విషయమనేవాడు.

ఆయన కుట్టుకు పేరుండేది. ఒక్క ఫిర్యాదు తప్ప ఏ వంకా ఉండేది కాదు. "మీ ప్యాంటు మోకాలి దగ్గర వంగదండీ" అనేవాళ్ళు. నిజమే. మామయ్య కుట్టిన ప్యాంటు వేసుకున్నవాళ్ళు మెట్లు ఎక్కుతుంటే కవాతు చేస్తున్నట్టుండేది. ఎవరెంత మొత్తుకున్నా, "గుడ్డ గట్టిది బాబూ, ఉతికితే మెత్తబడుతుంది," అనేసి దారం పళ్ళతో కొరుక్కునేవాడు. మూడేళ్ళు ఉతికినా అవి మెత్తబడేవి కావు.

అమ్మలు చిన్నప్పటినుంచీ మామయ్య ఇంట్లోనే పెరిగింది కనుక ఇదంతా దానికి మామూలే. బడినుంచి పరుగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగితే అన్నం కంటే ముందు టేపు వచ్చేది. కానీ ఈసారి ఆ పిచ్చి తన మెడకే చుట్టుకుంటుందని అనుకోలేదు.

దానికి ఉద్యోగం వచ్చింది. రక్తపరీక్షల ల్యాబులో. పొద్దున్నే ఆరింటికి బయల్దేరి, ఇల్లిల్లూ తిరిగి, ముసలివాళ్ళకీ మంచం పట్టినవాళ్ళకీ పరగడుపున రక్తం తీసి, చల్లటి పెట్టెలో పెట్టుకుని తొమ్మిదిలోగా ల్యాబులో అప్పగించాలి. సోమవారం చేరాలి. ఒకే షరతు: బండి ఉండాలి. బండి లేకపోతే జాబితాలో తర్వాతి పేరుకు వెళ్ళిపోతుంది ఉద్యోగం. ఆ మాట ల్యాబు ఆవిడ నవ్వుతూనే చెప్పింది గాని, రెండుసార్లు చెప్పింది.

షోరూంలో రెండు బండ్లు నచ్చాయి. ఒకటి మామూలుది, సిద్ధంగా ఉంది. రెండోది ఏబీఎస్ బ్రేకులు ఉన్నది, కొంచెం ఖరీదు. అది సర్దుకోవచ్చు. కానీ రావడానికి పది రోజులు పడుతుంది. సిద్ధంగా ఉన్నది ఒక్కటే మిగిలింది. శనివారం మధ్యాహ్నం పన్నెండులోగా చెప్పకపోతే దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు.

"మామూలుదే తీసుకుంటాను మామయ్యా," అంది అమ్మలు మంగళవారం.

"ఊఁ," అన్నాడు మామయ్య.

"ఊఁ అంటే?"

"ఏబీఎస్ లేకుండానా?"

"లేకుండానే."

"చూద్దాంలే."

బుధవారమూ చూద్దామన్నాడు. గురువారం తిండి మధ్యలో లేచి వీధిలోకి వెళ్ళి ఎవరి ఆగుడో కొలిచి వచ్చి, చెయ్యి కడుక్కుని మళ్ళీ కూర్చుని, "చూద్దాం," అన్నాడు. సరే అనడు, వద్దనడు. అమ్మలుకు కాలు ఒక చోట నిలవడం లేదు. గుమ్మం దాకా వెళ్ళి వస్తుంది, గడియారం చూస్తుంది, మళ్ళీ గుమ్మం దాకా వెళుతుంది.

"కాస్త కూర్చోవే, ఇల్లు అరిగిపోతోంది," అంది అత్తయ్య.

"మామయ్యను తేల్చమను, కూర్చుంటా."

"ఆయన జన్మలో ఒక్కసారి ఏదైనా వెంటనే తేల్చి ఉంటే, నేను ఇంకా ముందే నీకు అత్తనయ్యేదాన్ని. నన్ను చేసుకోవాలా వద్దా అని ఏడాదిన్నర ఆలోచించాడు. మా నాన్న చొక్కాలు అయిదు కుట్టించుకున్నాడు ఈలోగా, తేలిందేమోనని కనుక్కోవడానికి."

తేల్చకపోవడానికి సగం కారణం ఎదురుగా ఉన్న మెకానిక్కు. వీధిలో కల్లా బండి బాగా నడిపేవాడు. ఆ సంగతి ఎవరూ అడక్కుండానే చెప్పేవాడు. నూనె చేతులు గుడ్డకు తుడుచుకుంటూ రోజూ వచ్చి, మామయ్య బల్ల అంచున కూర్చునేవాడు, బల్ల మీద ఎవరి తెల్లచొక్కా లేదని చూసుకుని.

"ఏబీఎస్ అనేది చేతకానివాళ్ళకి టైలర్ గారూ. ముందు బ్రేకు ఎంత, వెనక బ్రేకు ఎంత అనేది వేళ్ళకు తెలియాలి. నా ఆగుడు ఎంత? చెప్పండి అందరికీ."

"మూడు టేపులా బెత్తెడు," అనేవాడు మామయ్య. ఆ వీధిలో అది రికార్డు.

"ఏబీఎస్ ఉందా నా బండికి?"

"లేదు."

"మరి? నేర్పిస్తా అమ్మలుకి. పది రోజులు ఆగి ఆ ఏబీఎస్ పెట్టెను మొయ్యడమెందుకు?" అని లేచి, "అన్నట్టు, మీ ప్యాంటు మోకాలి దగ్గర చంపేస్తోందండీ. బండి కింద కూర్చుంటే లేవలేకపోతున్నా," అని గొణుక్కుంటూ పోయేవాడు.

శుక్రవారం షోరూంలో మాట్లాడే ఆయన మెడకు టై బిగించుకుని స్వయంగా వచ్చాడు. పాపం ఆయనా సతమతమవుతున్నాడు, ఏ బండి అమ్మాలో తెలియక.

"ఏబీఎస్ అంటే ఏం లేదండీ. భయంతో బ్రేకు గట్టిగా నొక్కేస్తాం కదా. చక్రం బిగుసుకుపోతుంది. బిగుసుకుపోయిన చక్రం తిరగదు, జారుతుంది. ఇది అలా బిగుసుకోనివ్వదు. సెకనులో ఎన్నోసార్లు పట్టి వదులుతుంది, పట్టి వదులుతుంది."

మామయ్య మొహం వెలిగింది. మిషను దగ్గర కూర్చుని, కాలితో తొక్కి చక్రం గిర్రున తిప్పి, అరచేత్తో గట్టిగా పట్టేశాడు. కింద దారం ఉండలు చుట్టుకుంది. దాన్ని కత్తిరించి మళ్ళీ తొక్కాడు. ఈసారి చక్రాన్ని అరచేత్తో తాకుతూ, వదులుతూ, తాకుతూ, వదులుతూ ఆపాడు. సూది మెత్తగా, గుడ్డ మీద వాలినట్టు ఆగింది.

"ఇదేనా?"

"ఇదేనండీ!" అన్నాడు టై ఆయన.

"ముప్పై ఏళ్ళుగా నేను చేస్తున్నదిదే."

"చూశారా! చేత్తోనే చేస్తున్నారు," అన్నాడు మెకానిక్కు గుమ్మంలోంచి. "ఏదీ, ఇసకలో ఎలా ఆగుతుందో కూడా చెప్పమనండి ఆయన్ని."

టై ఆయన మంచివాడు, అబద్ధం రాలేదు. "ఇసకలో, కంకరలో కొంచెం ఎక్కువ దూరమే పోవచ్చండీ," అన్నాడు టై సడలించుకుంటూ.

మామయ్య మళ్ళీ మొదటికొచ్చాడు. అమ్మలు తల పట్టుకుంది.

శనివారం పొద్దున్నే మామయ్య దుకాణం వెనక సందును పరీక్షకు సిద్ధం చేశాడు. సందు వెడల్పే, రాకపోకలు లేవు. టై ఆయన ఏబీఎస్ ఉన్న నమూనా బండి తెచ్చాడు. మెకానిక్కు తన బండి తెచ్చాడు. మామయ్య సుద్దతో గీత గీశాడు. టేపు రెండో కొస పట్టుకోవడానికి మనిషి చాలక, దుకాణంలోని బొమ్మను తెచ్చి గోడవార నిలబెట్టి దాని భుజానికి టేపు గుచ్చాడు. ఆ బొమ్మకు తల లేదు, చేతులు లేవు, ఎవరిదో సగం కుట్టిన కోటు తొడుక్కుని ఉంది. కింద మూడు చిన్న చక్రాలు. తోస్తుంటే కీచుమంటున్నాయని ఆ పొద్దున్నే వాటికి మిషను నూనె వేశాడు మామయ్య. తప్పంటే అదే తప్పు.

గంటకు ముప్పై వేగంతో రావాలి, గీత దగ్గర బ్రేకు వేయాలి.

మెకానిక్కు వచ్చాడు. మూడు టేపులా బెత్తెడు. తన రికార్డుకు తానే సలాం కొట్టుకున్నాడు.

టై ఆయన వచ్చాడు. మూడున్నర.

"అయిపోయింది కదా!" అన్నాడు మెకానిక్కు. "నాకంటే ఎక్కువ దూరం పోయింది. అమ్మలూ, షోరూం కట్టేసేలోపల పరుగెత్తు."

పదకొండున్నర అయింది. అమ్మలు చెప్పులు వేసుకుంది. మామయ్య మాత్రం గీత దగ్గరే కూర్చుని, ఎడమచేతి చూపుడువేలి గోరును చూసుకుంటున్నాడు. ఆ గోరుకు నడుమ చిన్న చార ఉంది.

"ఏమిటి మామయ్యా ఇంకా?"

"ఇది సూది దిగిన మచ్చ, అమ్మలూ. పని నేర్చుకునే రోజుల్లో ఒక్కసారి కూడా దిగలేదు. ఇరవై ఏళ్ళ అనుభవం వచ్చాక దిగింది. పిల్లి దూకింది బల్ల మీదికి. చెయ్యి చక్రాన్ని తాకి వదలలేదు, పట్టేసింది." సుద్దగీతను వేలితో తాకాడు. "వీళ్ళిద్దరికీ గీత ఎక్కడుందో ముందే తెలుసు. రోడ్డు మీద గీత ఎవరు గీస్తారమ్మా?"

"మామయ్యా, టైము!"

"ఒక్కసారి. నేల తడిపి, ఒక్కసారి. అంతే, దేవుడి మీద ఆన."

ఇస్త్రీకి చల్లే నీళ్ళ చెంబుతో మొదలుపెట్టి, బకెట్లతో ముగించాడు. అత్తయ్య కిటికీలోంచి, "ఆ నీళ్ళు స్నానానికి పెట్టుకున్నవి!" అని అరుస్తోంది. "ఇద్దరం పక్కపక్కనే వస్తాం, ఒకేసారి తేలిపోతుంది," అన్నాడు మెకానిక్కు. ఇద్దరూ సందు చివరికి వెళ్ళారు.

వస్తున్నారు. గీత ఇంకా చాలా దూరంలో ఉంది. గోడవార పోసిన నీళ్ళు బొమ్మ కిందినుంచి పారాయి. నేల సందు మధ్యకు కాస్త వాలు. నూనె వేసిన చక్రాలు ఒక్క కీచు కూడా లేకుండా కదిలాయి. తల లేని ఆ పెద్దమనిషి కోటు ఊపుకుంటూ, భుజాన టేపు ఈడ్చుకుంటూ, తాపీగా సందు మధ్యకు నడిచొచ్చాడు.

"ఓరి నాయనో!" అన్నాడు మెకానిక్కు.

రెండు బండ్లూ బ్రేకులు వేశాయి. టై ఆయన కళ్ళు మూసుకుని ఉన్న బలమంతా పెట్టి నొక్కేశాడు. బండి గడగడలాడింది, అయినా నిలువునే ఉంది. కళ్ళు తెరిచి హ్యాండిలు పక్కకు తిప్పితే మాట వింది. బొమ్మ కోటు అంచును రాసుకుంటూ వెళ్ళి ఆగాడు. ఎలా ఆగాడో ఆయనకే తెలియదు. "నేను ఉన్నానా?" అని అడిగాడు.

మెకానిక్కు బండి చక్రం బిగుసుకుంది. తడి నేల మీద సబ్బుబిళ్ళలా జారింది. బండి ఒక వైపు, ఆయన ఒక వైపు. ఆయన రెండు మోకాళ్ళ మీదా, చేతులు చాచి, ప్రార్థన చేస్తున్నవాడిలా జారుకుంటూ వెళ్ళి సరిగ్గా బొమ్మ పాదాల దగ్గర ఆగాడు. పాదాలు కాదు, చక్రాల దగ్గర.

ఈసారి మామయ్య టేపు తీసుకోలేదు. అమ్మలు పుట్టి బుద్ధెరిగాక, ఏదైనా ఆగినప్పుడు మామయ్య టేపు లేకుండా పరుగెత్తడం అదే మొదటిసారి. వెళ్ళి మెకానిక్కును రెండు చేతులా పట్టుకుని లేపాడు.

"తమ్ముడూ, ఎక్కడ తగిలింది? నాదే తప్పు, పాడు నూనె వేశాను."

"మోకాళ్ళు పోయాయి టైలర్ గారూ. మోకాళ్ళు లేవు నాకిక," అన్నాడు మెకానిక్కు కళ్ళు గట్టిగా మూసుకుని. "ఎముకలు కనబడుతున్నాయా? చెప్పకండి."

అమ్మలు వంగి చూసింది. రక్తం చూడటం దాని చదువే కదా. ప్యాంటు రెండు మోకాళ్ళ దగ్గరా చిరిగింది. చిరిగిన ఖాకీ కింద మందపాటి నీలం జీన్స్ గుడ్డ ఉంది. అదీ సగం అరిగింది. దాని కింద దుప్పటి గుడ్డ లాంటిది మెత్తగా ఇంకో పొర. ఆ పొర చెక్కుచెదరలేదు. వేలు దూర్చి చూస్తే, మోకాలి మీద చిన్న ఎరుపు కూడా లేదు.

"మామయ్యా, ఇదేమిటి?"

మామయ్య దొంగతనం బయటపడ్డవాడిలా మొహం పక్కకు తిప్పుకున్నాడు. "లోపల గుడ్డ మిగిలితే, పారెయ్యడమెందుకని..."

అమ్మలు దుకాణంలోకి నడిచి, ఎవరూ ముట్టకూడని పుస్తకం తీసుకుని సందులోకి వచ్చింది. మామయ్య రెండు చేతులూ మెకానిక్కు చంకల కింద ఉన్నాయి, ఆపడానికి లేవు.

మామయ్య రాత గుండ్రంగా, కాజాలు కుట్టినట్టు ఉంటుంది. "తపాలా ఆయన. నడుము 36, పొడవు 41. ఆగుడు నాలుగు. మోకాలు రెండు పొరలు." "పాలాయన. ఆగుడు ఏడు. మోకాలు రెండు, మోచెయ్యి ఒకటి." పేజీల తరబడి, ఏళ్ళ తరబడి. వీధిలో సగం మంది మోకాళ్ళు ఆ పుస్తకంలో ఉన్నాయి. ఎప్పుడో ప్యాంటు కుట్టించుకున్న టై ఆయన కూడా ఉన్నాడు: "ఆగుడు ఆరు. భయస్తుడు, మెల్లగా పోతాడు, మెల్లగా ఆగుతాడు. ఒక పొర చాలు." చివరికి మెకానిక్కు దొరికాడు. అమ్మలు పైకి చదివింది.

"నడుము 34, పొడవు 40. ఆగుడు మూడూ బెత్తెడు. బాగా వచ్చు, ఆ సంగతి తనకు తెలుసు. మోకాలు మూడు పొరలు."

మెకానిక్కు ఒక్క గొప్ప కూడా చెప్పుకోకుండా, చిరిగిన మోకాలి దగ్గర పొరలు వేలితో లెక్కపెట్టుకున్నాడు. అది కూడా ఆ వీధిలో రికార్డే.

"నాకే ఎక్కువ వేశారా?" అన్నాడు చివరికి.

"భయపడేవాడు తనను తాను కాచుకుంటాడు తమ్ముడూ. భయం లేనివాడికి ఎవరో ఒకరు కాయాలి కదా. చెప్తే తీయించుకుంటావని చెప్పలేదు."

పుస్తకంలో ఆఖరి పేజీ తిప్పింది అమ్మలు. తన పేరు ఉంది. కొలతలన్నీ ఉన్నాయి. ఆగుడు దగ్గర మాత్రం రాసి చెరిపి, రాసి చెరిపి కాగితం పలచబడిపోయి, అవతలి పేజీ కనిపిస్తోంది. వారం రోజులుగా ఈయన తేల్చుకోలేకపోయింది బండి గురించి కాదు, తన గురించని దానికి అప్పుడు తెలిసింది. దుకాణం గడియారం పన్నెండు కొట్టింది. వారమంతా నిలవని కాలు మొదటిసారి నిలిచింది.

"ఆ ఏబీఎస్ బండే రాయండి," అంది టై ఆయనతో. "పది రోజులే కదా."

"మరి సోమవారం?" అన్నాడు మామయ్య.

"సోమవారం నేను దింపుతా," అన్నాడు మెకానిక్కు బొమ్మను ఆనుకుని నిలబడి. "నా కొట్టు తొమ్మిదికి గదా తీసేది. పది రోజులూ ఇల్లిల్లూ తిప్పుతా. బండి ఉండాలన్నారు గాని, ఎవరిదో చెప్పలేదుగా? ఇంతంటే ఇంతే వేగం," అని బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి చూపించాడు. "ఏమంటారు టైలర్ గారూ?"

"నువ్వు ఆ ప్యాంటు విప్పి ఇటు ఇవ్వు. సోమవారానికి కొత్త పొరలు వెయ్యాలి," అన్నాడు మామయ్య.

మాట ప్రకారం మెకానిక్కు పది రోజులూ తిప్పాడు. అంత నెమ్మదిగా నడిపాడంటే, సైకిళ్ళవాళ్ళు గంట కొట్టి పక్కకు తప్పించుకుపోయారు. పదకొండో రోజు అమ్మలు తన కొత్త బండి మీద వచ్చి, మలుపులో, మామయ్య దుకాణం ముందు బ్రేకు వేసింది. మామయ్య ఉరికాడు, గీశాడు, పాకాడు, కొలిచాడు. లేచి నిలబడి, ఎప్పటిలా గొంతెత్తి ప్రకటించలేదు. పుస్తకం తెరిచి, ఆ పలచబడ్డ గడిలో, ట్రయల్ చూసినప్పుడు చొక్కా మీద రాసే మాటే రాశాడు: "సరిపోయింది."

మర్నాడు ల్యాబువాళ్ళ యూనిఫారం ప్యాంటు కుట్టి ఇచ్చాడు. అమ్మలు తొడుక్కుని మోకాలి దగ్గర వేళ్ళతో తడిమింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"మామయ్యా! ఏబీఎస్ ఉందిగా! నాలుగు పొరలేమిటి?"

"అది బండికి షోరూంవాళ్ళు పెట్టింది. ఇది నీకు నేను పెట్టింది," అన్నాడు మామయ్య దారం కొరుక్కుంటూ. "ఉతికితే మెత్తబడుతుందిలే."

ఆ పొద్దున్న మొదటి ఇంట్లో ఒక ముసలావిడ మంచం మీద కూర్చుని చెయ్యి చాపి ఎదురుచూస్తోంది. అమ్మలు చల్లటి పెట్టె పట్టుకుని, కాళ్ళు వంగక, కవాతు చేస్తున్నట్టు ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చింది. ముసలావిడ జాలిగా చూసి, చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, మంచం మీద పక్కకు జరిగి చోటిచ్చింది.

"ఇంత చిన్న వయసులోనే మోకాళ్ళ నొప్పులా తల్లీ? ముందు నువ్వు కూర్చో. నా రక్తం ఎక్కడికీ పోదు."

అమ్మలు కాదనలేదు. నవ్వుకుంటూ, రెండు కాళ్ళూ ముందుకు చాపి కూర్చుంది.